పొయ్యి ఎవరు వేయాలి?

అన్నదమ్ములు విడిపోయినప్పుడు మన పల్లెలలో వేరుకుంపటి పెట్టుకొన్నారంటారు. తిండికి గడవని రోజున ఆ ఇంట పొయ్యిలో పిల్లి లేవలేదంటారు. కొత్త ఇంట అడుగు పెట్టగానే చేసే మొదటి పని పొయ్యిమీద పాలు పొంగించడం. ఇల్లు అన్న మాటకు పొయ్యి అన్న మాట ఇంత దగ్గరి చుట్టమైన మన దేశంలో, ఆ పొయ్యి వేసే మనిషికి మాత్రం ఒక వృత్తినామం లేదు. కళ్లంలో అతనికి మేర లేదు. నాగలికి వడ్రంగి ఉన్నాడు, కర్రుకు కమ్మరి ఉన్నాడు, కుండకు కుమ్మరి ఉన్నాడు; చెరువు తూము విప్పడానికి నీరుకట్టు ఉన్నాడు. ఊరి ఆయగాండ్రను వేళ్లమీద లెక్కించి చూడండి, పొయ్యి వేసేవాడు ఎక్కడా కనబడడు.

కారణం అందరమూ ఎరిగినదే. పొయ్యి వేయడం ఇల్లాలి పని. ఆమె పుట్టమన్ను తెచ్చుకొన్నది, పిసికినది, వేసినది, అలికినది, ముగ్గు పెట్టినది. ఎవరికీ కూలి ఇవ్వలేదు, ఎవరినీ పిలువలేదు. ఇది ఎన్నో తరాలు సాఫీగా సాగింది. కాని ఇరవయ్యో శతాబ్దం నడుమ పొగగొట్టం గల పొయ్యి మన వంటింటి గడపలో నిలబడినప్పుడు, దీనిని ఎవరు కట్టాలి అనే ప్రశ్న మొదటిసారి పుట్టింది. ఆ ప్రశ్నకు సరియైన సమాధానం దొరకక ముందే కొన్ని కోట్ల పొయ్యిలు కట్టడమూ జరిగింది, వాటిలో పెక్కు కూలడమూ జరిగింది. ఆ కథను ఇక్కడ పలనాటి కళ్లతో చూడదలచినాము.

పలనాటి కళ్లతో అనడానికి కారణం ఉన్నది. దాచేపల్లి నాగులేటి పక్కన ఉన్న ఊరు. చుట్టూ ఎటు తవ్వినా సున్నపురాయి. పలకలుగా లేచే నాపరాళ్ల గనులు ఒకవైపు, నడికూడిలోను పిడుగురాళ్లలోను సున్నపు బట్టీలు మరొకవైపు. బట్టీ పేర్చడం ఒక విద్య. రాయి ఎంత ముక్కగా కొట్టాలి, బొగ్గు ఎంత పొరగా పరవాలి, అడుగున గాలికి ఎంత సందు వదలాలి అన్నవి చేయి తిరిగినవానికే తెలుస్తాయి. గాలి తక్కువైతే రాయి పచ్చిగా మిగిలిపోతుంది. ఎక్కువైతే బొగ్గు ముందే బూడిద అవుతుంది. అందుచేత బట్టీ యజమాని ఎంత పొదుపరి అయినా పేర్చడానికి పనివానినే పిలుస్తాడు. బట్టీ చెడితే నష్టం రూపాయలలో కనబడుతుంది.

ఆ బట్టీకి కూతవేటు దూరంలోని వంటింట్లో మరొక నిప్పు మండుతూ ఉంటుంది. దానికీ గాలి కావాలి, దానికీ సందు కావాలి, దానికీ పొగ పోయే దారి కావాలి. అది చెడితే కలిగే నష్టం ఏ పద్దులోను ఎక్కదు. ఒక స్త్రీ కంటిలోకి, రొమ్ములోకి పోతుంది. ఒకే ఊరిలో రెండు నిప్పులు; ఒకదానికి మేస్త్రీ, రెండవదానికి ఎవరూ లేరు. ఈ తేడాలోనే మన కథ అంతా ఉన్నది.

ముందు ఇల్లాలి విద్యకు న్యాయం చేయాలి. మూడు రాళ్ల పొయ్యి అని తేలికగా అంటాము గాని, పలనాటిలో ఆ మూడు రాళ్లు ఏరుకోవడమే ఒక తెలివి. ఊరినిండా ఉన్న నాపరాయి నిప్పుకు నిలవదు. పొరలలో తేమ ఉన్న పలక వేడికి పెట్లుతుంది. బాగా కాలినకొద్దీ సున్నమై రాలిపోతుంది. ఇంటి గోడకు, అరుగుకు, పశువుల తొట్టికి పనికివచ్చిన రాయి పొయ్యికి పనికిరాదని ఏ పరిశోధనాలయమూ చెప్పకముందే మన అవ్వలకు తెలుసు. ఇక నల్లరేగడి ఎండితే బీటలు వారుతుంది. అందువలన పుట్టమన్ను తెచ్చి, రాళ్లు ఏరి, నానబెట్టి, పొట్టు లేక ఊక కలిపి, పేడ చేర్చి, కాలితో తొక్కి, ఒక రాత్రి మాగనిచ్చేవారు. పొట్టు ఎందుకంటే మన్ను ఎండేటప్పుడు పగులు పెద్దది కాకుండా పట్టి ఉంచుతుంది. నీడన ఆరబెట్టి, వచ్చిన సన్న బీటలను పలుచని మట్టిపూతతో మూసి, అప్పుడు మొదటి మంట పెట్టేవారు.

కొలత చేతిలో ఉండేది. నోరు జానెడు, పొయ్యిగడ్డ బెత్తెడు, గడ్డకూ కుండకూ నడుమ వేలు మందం. ఆ సందులోనుండి మంట కుండను చుట్టి పైకి వస్తుంది, పొగ కూడా అక్కడినుండే వస్తుంది. సందు మరీ తక్కువైతే మంట ఊపిరాడక నోటివైపు తిరుగుతుంది. ఎక్కువైతే వేడి అంతా కప్పుకు పోతుంది. ఈ సూక్ష్మం ఆమెకు ఎవరూ పాఠంగా చెప్పలేదు. తల్లి వేసినది చూసింది, తాను వేసింది, మూడవనాడు బాగా మండకపోతే ఒక గడ్డను చెక్కి మళ్లీ వేసింది. దినదినం అలికేటప్పుడు ఆ పొయ్యి దినదినం సరిదిద్దబడుతూ ఉండేది. ప్రపంచంలో ఇంత శ్రద్ధగా మరమ్మతు జరిగే యంత్రం మరొకటి ఉన్నదా అని మాకు అనుమానం.

అయితే ఆ విద్యకు ఒక హద్దు ఉన్నది. మట్టి, మంట, కుండ ఈ మూడింటివరకే ఆమె అధికారం నడిచింది. పొగ ఆమె చేతిలో లేదు. దానిని ఇంటికి వదిలివేశారు. మిద్దెలో ఒక కంత, లేదా గోడకూ చూరుకూ నడుమ సందు, అంతే. పొగకు కొన్ని మంచి గుణాలు లేకపోలేదు. అటకమీది గింజలకు, ఉట్టిలోని విత్తనపు కంకులకు పురుగు తగలకుండా చేసింది; తాటాకుకు, వాసాలకు చెద పట్టనీయలేదు; సాయంకాలం దోమను తరిమింది. ఇంటికి మేలు చేసిన ఆ పొగే ఇంటిదానికి కీడు చేసింది. ఊదుగొట్టం పట్టుకొని వంగిన ముఖానికీ పొగకూ నడుమ ఏ అడ్డమూ లేదు. వంటింటిని ఆగ్నేయ మూలనే పెట్టాలన్న నియమం ఒకటి. వేసవి సాయంకాలాలలో పైరగాలి ఆ దిక్కునుండి వీచినప్పుడు పొగ తిన్నగా నడవలోకి, పడకటింటిలోకి వచ్చేది. శాస్త్రకారులు పొగను లెక్కలోనికి తీసుకొన్నట్లు లేదు.

పొగను గొట్టంలో పెట్టి బయటికి పంపితే సరిపోదా అంటారేమో. సరిపోదు. పనివాని అవసరం సరిగ్గా అక్కడే మొదలవుతుంది. వేడిగాలి తేలిక కనుక పైకి పోతుంది. గొట్టం ఎంత ఎత్తైతే అంత బలంగా లాగుతుంది. ఆ లాగుడు పొయ్యి నోటినుండే గాలిని తీసుకోవాలి. కుండ చుట్టూ సందు ఉంటే అక్కడినుండి చల్లగాలి దూరి గొట్టాన్ని చల్లబరుస్తుంది, లాగుడు పడిపోతుంది. అంటే మన ఇల్లాలు తరతరాలుగా వదలిన ఆ వేలు మందపు సందే ఇప్పుడు దోషమైంది. పాత పొయ్యికి సందు ప్రాణం, కొత్త పొయ్యికి సందు శత్రువు. చేతికి అలవాటైన కొలత తలక్రిందులైంది. మరి లాగుడు మరీ ఎక్కువైతే? వేడి కుండకు తగలకముందే గొట్టంలో పడి పోతుంది, కట్టెలు రెట్టింపు కాలుతాయి. కనుక గొట్టానికి ఒక గాలిమూత కావాలి. మంట పెట్టేటప్పుడు తెరవాలి, మంట నిలిచాక సగం మూయాలి.

ఇది మనవారికే వచ్చిన చిక్కు కాదు. అమెరికా దేశంలో బెంజమిన్ ఫ్రాంక్లిన్ అంతటివాడు 1740 తరువాత ఇనుప పలకలతో ఒక కొత్త పొయ్యి చేసి, 1744లో దానిని వివరిస్తూ ఒక చిన్న పుస్తకం అచ్చు వేయించాడు. గవర్నరు ప్రత్యేక హక్కు ఇస్తానంటే, లోకానికి పనికివచ్చే వస్తువుమీద హక్కు నాకెందుకని వద్దన్నాడు. ఉదారమైన మాట. కాని ఆ పొయ్యిలో పొగ మొదట క్రిందికి దిగి, ఆ తరువాత పైకి పోవాలి. గొట్టం బాగా వేడెక్కినప్పుడే అది జరుగుతుంది. మంట మందగించితే పొగ ఇంట్లోకే తిరిగి వస్తుంది. పుస్తకం చదివి అమర్చుకొన్నవారు ఎందరో అవస్థపడ్డారు. తరువాత డేవిడ్ రిట్టెన్‌హౌస్ పొగ దారిని మార్చి సరిచేసిన రూపమే నిలిచింది, పేరు మాత్రం ఫ్రాంక్లిన్‌దే అయింది. పుస్తకంలోని బొమ్మ చూసి కట్టిన పొయ్యి పుస్తకంలో మండినట్లు మండదన్నది ఆనాడే తేలిన విషయం.

మన దేశంలో ఈ పనికి మొదట పూనుకొన్నవారు వార్ధాలోని మగన్‌వాడి కార్యకర్తలు. 1934లో గాంధీజీ ప్రేరణతో, జె. సి. కుమారప్ప నిర్వహణలో ఏర్పడిన అఖిల భారత గ్రామ పరిశ్రమల సంఘం స్థానం అది. 1947 నాటికి అక్కడ ‘మగన్ చుల్హా’ అనే పొగగొట్టపు మట్టిపొయ్యి రూపొందింది. అటుపిమ్మట వచ్చినది మన హైదరాబాదు పొయ్యి. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయానికి డైరెక్టరుగా ఉన్న డాక్టర్ ఎస్. పి. రాజు దానిని రూపొందించి, 1953లో మద్రాసులో ‘స్మోక్‌లెస్ కిచెన్స్ ఫర్ ది మిలియన్స్’ అనే పుస్తకం వెలువరించారు. కోట్లాది ఇళ్లకు పొగలేని వంటిల్లు అని ఆ పేరుకు అర్థం. ఆనకట్టలకు, కట్టడాలకు పనిచేసే ఇంజనీర్ల నడుమ ఒక పెద్ద ఇంజనీరు వంటింటి మట్టిని తన విషయంగా తీసుకొన్నాడన్నదే ఒక విశేషం. పరిశోధనాలయం ఇంగ్లీషు పేరులోని మొదటి అక్షరాలను కలిపి దానికి ‘హెర్ల్ చుల్హా’ అని పేరు వచ్చింది.

అప్పటికి దాచేపల్లి ఒక రాష్ట్రం, హైదరాబాదు మరొక రాష్ట్రం. మధ్య కృష్ణ. పొందుగల దగ్గర ఏరు దాటితే ఆవల వాడపల్లి, నైజాం నేల. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడింది. 1956 నవంబరు 1న రెండు ఒడ్లూ ఒకటైనాయి. ఏటికి ఆవల కట్టిన పొయ్యి ఈవలి వంటింటికి నమూనాగా రావడానికి అడ్డు తొలగింది.

హెర్ల్ పొయ్యి చూడడానికి మట్టిపొయ్యే. ఒకే నోటిలో కట్టె పెడితే మంట మొదటి కుండను తాకి, లోపలి దారిగుండా తరువాతి కుండలకు పోయి, చివరకు గొట్టంలోకి వెళ్తుంది. వృథాగా పోయే వేడిని పట్టి రెండవ కుండలో పప్పు, ఆ తరువాత నీళ్లు కాచుకోవచ్చు. గొట్టంలో రేకుతో చేసిన గాలిమూత ఉంటుంది. ఆ మూతే ఈ పొయ్యికి కీలకం. రాజుగారి ఆశయం మట్టితో, ఊరిలో దొరికే సరకుతో, బీదవానికి అందుబాటులో ఉండాలనడం. అది మెచ్చదగినది. మట్టిపొయ్యి కనుక ఇంట్లోవారే వేసుకోవచ్చునన్న ధ్వని కూడా అందులో ఉన్నది. చిక్కు ఆ ధ్వనిలోనే ఉన్నదని మా అభిప్రాయం. పైకి మట్టిపొయ్యే గాని లోపల అది ఒక చిన్న బట్టీ. దాచేపల్లిలో బట్టీని ఎవరు పేరుస్తారో చెప్పాము గదా.

1952 అక్టోబరు 2న దేశంలో 55 చోట్ల సమాజ వికాస పథకాలు ఆరంభమైనాయి. మరుసటి ఏడు జాతీయ విస్తరణ సేవ వచ్చింది. మరుగుదొడ్డి, మంచినీటి బావి, ఎరువుల గుంట, పొగలేని పొయ్యి, ఇవన్నీ గ్రామసేవకుని సంచిలో ఒకేసారి ఊరికి వచ్చాయి. పదిమంది పనులు ఒకనికి అప్పగించినట్లయింది. అతను విత్తనాలూ తెలియాలి, ఎరువులూ తెలియాలి, లెక్కలూ వ్రాయాలి. పైగా పురుషుడు, పరాయి ఇంటి వంటింట్లోకి అడుగు పెట్టడానికి లేదు. ఇంటి యజమానికి అరుగుమీద కూర్చుని వివరిస్తే ఆయన తల ఊపుతాడు. వండేది ఆయన కాదు. గ్రామసేవికలు కొందరే. ఒక పొయ్యి వేసి చూపించి, తక్కినవి మీరే వేసుకోండమ్మా అని తరువాతి ఊరికి పోవడం తప్ప వారికి మాత్రం గత్యంతరం ఏమున్నది? రేడియో సంగతి కూడా ఒప్పుకోవాలి. 1956లో పూనా కేంద్రం రైతు శ్రోతల మండళ్ల ప్రయోగం చేసినప్పటినుండి పల్లెకు పనికివచ్చే విషయాలు రేడియోలో విరివిగా వినిపిస్తూ వచ్చాయి. రేడియో కొలత చెప్పగలదు. గొట్టంలో చేయి పెట్టి చూడలేదు.

తమకు తామే వేసుకొన్న పొయ్యిలలో జరిగినది ఊహకు అందనిది కాదు. నోరు అరచేయి వెడల్పు పెరిగింది. లోపలి దారి ఇరుకైంది. కుండ మారినప్పుడల్లా సందు పడింది. మట్టికుండకు కొలిచి వేసిన కన్నంలో సత్తుగిన్నె కూర్చోదు. సత్తుగిన్నెకు సరిపోయినది పెళ్లికి వచ్చిన ఇత్తడి గుండిగకు సరిపోదు. రెండవ కన్నంమీద ఏమీ పెట్టకుండా వదిలితే పొగ అక్కడినుండే లేచింది. గాలిమూత ఒకసారి తెరిచినది తెరిచినట్లే తుప్పుపట్టింది. చివరికి గొట్టం పెట్టినా పొగ పోలేదే అన్న మాట మిగిలింది. ఆ మాట ఒక ఇంట పుడితే వీధి అంతటికీ చాలు.

ఇంటిమీదికి వెళ్లినా ఇదే తగవు. పలనాటి మట్టిమిద్దెకు గొట్టం పెట్టాలంటే మిద్దెను పొడవాలి. ఆ కంతచుట్టూ గట్టిగా దంచి, సున్నపు గారతో కట్ట వేయకపోతే మొదటి వానకే నీరు పొయ్యిలోకి దిగుతుంది. గడ్డి ఇల్లయితే వేడిగొట్టం కప్పును తాకకూడదు. తాకిన ఇంటి గతి చెప్పనక్కరలేదు. గొట్టం కొస కప్పుకంటె రెండు మూడు అడుగులు పైకి ఉండాలి, లేకుంటే కప్పును కొట్టి తిరిగిన గాలి పొగను లోపలికే నెట్టుతుంది. ఇవి అలవాటుచొప్పున ఇల్లాలు చేయగల పనులు కావు. ఇక్కడ పనివానిని పిలువక తప్పదని నిస్సంకోచంగా చెప్పగలము. జర్మనీలో నేటికీ ఒక పద్ధతి ఉన్నది. కట్టెపొయ్యిని ఇంటివాడు తానే అమర్చుకొన్నా, ఆ ప్రాంతపు పొగగొట్టాల తనిఖీదారు వచ్చి చూసి సరేనన్న తరువాతనే మంట పెట్టాలి. చేయి ఎవరిదైనా సరే, చూపు మాత్రం ఎరిగినవానిది కావాలన్నమాట.

దీనికి పూర్తిగా ఎదురు త్రోవ త్రొక్కిన ఉదాహరణ కూడా చూడాలి. మధ్య అమెరికాలోని గ్వాటిమాలాలో 1976లో పెద్ద భూకంపం వచ్చింది. ఆ తరువాత అక్కడ ఇసుక, బంకమన్ను కలిపి దిమ్మగా పోసి, దానిని చెక్కి లోపల దారులు తొలిచే ‘లొరేనా’ పొయ్యి ప్రచారంలోకి వచ్చింది. ఎవరి పొయ్యి వారే చేసుకోవచ్చునన్నదే దాని ఆకర్షణ. అది దేశదేశాలకు ప్రాకింది. కాని ప్రతి చేతిలోను కొలత మారింది. అంత మట్టిదిమ్మ వేడెక్కడానికే కట్టె ఖర్చయింది. పరీక్షించి చూస్తే వంటచెరకు ఆదా అనుకొన్నంత లేదని తేలింది. స్వయంకృషి మంచిదే, కాని స్వయంకృషి అన్నంత మాత్రాన పొయ్యి మండదు.

ఇక మన ప్రభుత్వం పనివాడి పక్షం వహించిన కాలం వచ్చింది. 1983 చివర ప్రారంభమై, 1985 నుండి దేశమంతటా నడిచిన జాతీయ మెరుగైన పొయ్యిల కార్యక్రమంలో ‘స్వయం ఉపాధి కార్మికులు’ అని కొందరికి శిక్షణ ఇచ్చారు. ఒక పొయ్యి కట్టితే ఇంత అని వారికి రుసుము; ఇంటివారికి ఖర్చులో సగమో అంతకుమించో రాయితీ. స్థిరమైన మట్టిపొయ్యి కట్టెలోని వేడిలో నూటికి 20 పాళ్లయినా కుండకు అందించాలని నియమం పెట్టారు. 2002లో కేంద్రం ఆ కార్యక్రమాన్ని ముగించి రాష్ట్రాలకు వదలిననాటికి మూడు కోట్లకు పైగా పొయ్యిలు పద్దులలో ఎక్కాయి.

పద్దులలో అనడం వెక్కిరింపుగా కాదు. రుసుము పొయ్యి లెక్కన గనుక కార్మికుని చూపు తరువాతి పొయ్యిమీదనే ఉంటుంది. మార్చి నెలలో లక్ష్యం పూర్తి కావాలి. గొట్టం నిలబెట్టి, ఫోటో తీయించి, సంతకం పెట్టించి వెళ్లిన మనిషి, ఆరునెలలకు మసి పట్టి గొట్టం పూడినప్పుడు ఎక్కడ ఉన్నాడు? ఇంటివారికి మసి తీయడం ఎవరూ నేర్పలేదు. ఈ పొయ్యి తమది కాదు, ప్రభుత్వానిది. ప్రభుత్వం వచ్చి బాగుచేయాలి. అలికే చేయి ఆ పొయ్యిని అలకడం మానుకొన్నది. పాత పొయ్యికి దినదినం జరిగిన మరమ్మతు కొత్త పొయ్యికి ఏడాదికి ఒకసారి కూడా జరగలేదు. మా దృష్టిలో ఈ చరిత్రలోకెల్లా విచారించదగినది ఇదే. పనివాడు వచ్చినందుకు కాదు, పనివాడు వచ్చి ఇల్లాలి విద్యను తనతో తీసుకొనిపోయినందుకు.

మనకు ఎగువన ఉన్న ఒడిశాలో, అక్కడి స్వచ్ఛంద సంస్థ ఒకటి కట్టించిన పొయ్యిలను రెమా హన్నా, ఎస్తేర్ డుఫ్లో, మైకేల్ గ్రీన్‌స్టోన్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు ఏళ్లతరబడి పరిశీలించి 2012లో ఫలితాలు ప్రకటించారు. ఇంటివారు మట్టి, చాకిరీ ఇచ్చారు. శిక్షణ పొందిన మేస్త్రీ కట్టాడు. మొదటి సంవత్సరం వండేవారు పీల్చే పొగ తగ్గింది. తరువాత ఆ మేలు కనబడలేదు. పొయ్యిలు విరిగాయి, గొట్టాలు శుభ్రం చేయలేదు, వాడకమే తగ్గింది. నిర్మాణం బాగున్నా నిర్వహణ లేకపోతే ఏమవుతుందో ఇంతకంటె స్పష్టంగా ఎవరూ కొలిచి చూపలేదు.

మరి ఎక్కడా కుదరలేదా అంటే కుదిరినది. 1980లో చండీగఢ్ దగ్గర హర్యానాలోని నాడా గ్రామంలో మధు సరీన్ అనే వాస్తుశిల్పి గ్రామ స్త్రీలతోనే కూర్చుని ఒక పొయ్యిని రూపొందించారు. కట్టడం నేర్చుకొన్నది ఆ ఊరి స్త్రీలే. వారు ‘చుల్హా మేస్త్రీ’లైనారు. వంటింట్లోకి పోవడానికి వారికి అడ్డు లేదు. పొరుగింటి కుండ ఎంతటిదో వారికి తెలుసు. పొగ తిరిగి వస్తే మరునాడు నూతి దగ్గర వారిని పట్టుకొని అడగవచ్చు. పనివారు బయటినుండి రాలేదు, పనితనం మాత్రం వచ్చింది. చైనాలో మరొక దారి. 1982 నుండి పదేళ్లలో 12 కోట్ల 90 లక్షల పొయ్యిలు అమర్చారు. ఖర్చులో అధికభాగం ఇంటివారిదే. కీలకమైన భాగాలు కార్ఖానాలో ఒకే కొలతతో తయారైనాయి. ఇంటింటికీ మారే దిమ్మను అక్కడి పనివారు కట్టారు. కొలత చెడిపోవడానికి అవకాశమున్నచోట కార్ఖానా, చేయి సాగవలసినచోట చేయి. రాజుగారి గాలిమూతకూ, కన్నాల చట్రాలకూ అట్టి ఏర్పాటు ఉండి ఉంటే అని మాకు తోస్తుంది.

తిరిగి దాచేపల్లికి వస్తే, అక్కడ వంటచెరకే మారిపోయింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగరానికి శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీరు వదిలారు. కుడికాలువ పలనాటి జొన్నచేలకు పత్తినీ మిరపనూ తెచ్చింది. శ్రీనాథుడు విసుగుకొన్న జొన్నకూడు పోయి వరియన్నం వచ్చినందుకు అందరమూ సంతోషించాము. పొయ్యి సంగతి ఎవరూ తలచలేదు. చీల్చిన తుమ్మకట్టె నిదానంగా, ఎర్రని నిప్పుగా కాలుతుంది. పత్తికంప, మిరపకంప, కందికంప భగ్గున మండి చప్పున ఆరుతాయి, నిలువెత్తు ఉంటాయి, చిన్న నోటిలో ఇమడవు. కొలిచి కట్టిన నోటిని గునపంతో పొడిచి పెద్దది చేసుకోక ఏమి చేస్తారు? ఏ పరిశోధనాలయంలో ఎంత బాగా కట్టిన పొయ్యి అయినా, ఏ కట్టెతో పరీక్షించారు అని అడగడం మరువరాదు. ఈ ప్రశ్న వేయగలది కంప ఇరిచే మనిషే.

పొగవల్ల కీడు ఎంతన్నది చాలా ఆలస్యంగా లెక్కకు వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో మూడు జిల్లాల పల్లెలలో నాలుగు వందలకు పైగా ఇళ్లలో కల్పనా బాలకృష్ణన్, వారి సహచరులు గాలిని కొలిచి 2004లో ఫలితాలు ప్రకటించారు. గ్యాసు వాడే ఇళ్లలో ఘనపు మీటరు గాలికి సగటున 73 మైక్రోగ్రాముల సన్నని ధూళి ఉంటే, కట్టె పిడకలు వాడే ఇళ్లలో అది 732 వరకు పోయింది. పది రెట్లు. ఇంటిపొగ మూలంగా 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది మరణించారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. దగ్గుతూ ఊదుగొట్టం పట్టిన అవ్వను చూసి, కట్టె పచ్చిదై ఉంటుందిలే అనుకొన్న తరాలకు ఈ అంకెలు అందలేదు.

చివరకు కట్టెపొయ్యి తగవును గ్యాసుబండ వచ్చి ఒక ప్రక్కకు నెట్టింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం, 2016 మే 1న దేశమంతటికీ ఉజ్వల పథకం వచ్చాయి. ఇక్కడ ఎవరు అమర్చాలన్న సందేహమే పుట్టలేదు. బండికి రెగ్యులేటరు తగిలించి, రబ్బరు గొట్టం బిగించి, సబ్బునీటితో పరీక్షించి చూపడం గ్యాసు కంపెనీ మనిషి పని. మూత తిప్పి వెలిగించడం, గొట్టం పగిలిందేమో చూసుకోవడం ఇల్లాలి పని. మట్టిపొయ్యికి యాభై ఏళ్లు కుదరని పంపకం గ్యాసుపొయ్యికి మొదటిరోజునే కుదిరింది. అపాయం రూపాయలలోనూ ప్రాణాలలోనూ వెంటనే కనబడేది కనుక కాబోలు.

అయినా కట్టెపొయ్యి పోలేదు. దొడ్లోకి జరిగింది, అంతే. స్నానానికి నీళ్లు, పశువులకు కుడితి, పండుగనాడు అరిసెలు, బండ అయిపోయిననాడు అన్నం, వీటికి అది ఇంకా మండుతూనే ఉన్నది. చుట్టాలు వచ్చే శుభకార్యానికి గాడిపొయ్యి తవ్వడం సరేసరి. ఇక దొడ్లో గొట్టం ఉన్న పొయ్యి వేసుకోదలచిన ఇంటివారికి మేము చెప్పగలిగినది ఇది. మన్ను మీరే కలపండి, మీకంటె బాగా కలిపేవారు లేరు. మీరు రోజూ వాడే గిన్నెలను ముందు పెట్టి, మీ కంపను పక్కన పెట్టి, అప్పుడు పనివానిని పిలవండి. గొట్టం, కప్పు, లోపలి దారి అతనికి వదలండి. అతను వెళ్లకముందు రెండు పరీక్షలు జరగాలి. గిన్నెలన్నీ కన్నాలమీద ఉంచి, కాస్త కాగితం కాల్చి గొట్టం వేడెక్కించిన తరువాత, వెలిగించిన అగరువత్తిని పొయ్యి నోటి దగ్గర పట్టుకోండి. దాని పొగ లోపలికి పోవాలి. నిలిచినా, మీ ముఖంవైపు తిరిగినా కూలి ఇవ్వకండి. రెండవది, గొట్టం అడుగున మసి తీసే కన్నం ఎక్కడ వదిలాడో చూపమనండి. గుడ్డ చుట్టిన వెదురుకర్ర అందులో పట్టాలి. కట్టెలు బాగా ఎండి ఉంటే నెలకు ఒకసారి, వానాకాలపు పచ్చికట్టెలయితే పదిహేను రోజులకు ఒకసారి, పొయ్యి చల్లారి ఉన్న ఉదయాన, అలకడానికి ముందు.